ఎనిమిది పేజీల మిరియాలు

నేను కుదిర్చిన ఒక మంచి బేరం వల్ల ఒక పెద్దమనిషికి ఉద్యోగమూ, ఉంటున్న ఇల్లూ రెండూ పోయాయి. బేరం చెడితే నష్టమని మా ఇళ్ళల్లో ఉగ్గుపాలతోనే నేర్పుతారు. కుదిరినా నష్టం రావచ్చునని మాత్రం ఎవరూ చెప్పరు.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి సంగతి. ఏలూరులో కాలువ గట్టుకి దగ్గర్లో మాకొక కొట్టు ఉండేది. ముందు గదిలో మిరియాలు, జీలకర్ర, బెల్లం. వెనక అలమరలో పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి. గోడనిండా అద్దాలు బిగించిన దేవుళ్ళ పటాలు. దేవుళ్ళు ఎంతమంది ఉంటే కొట్టుకి అంత కళ అనేవారు మా నాన్నగారు. ఆయన పోయాక కొట్టు నా చేతికొచ్చింది. బేరంలో నాకు పేరుండేది. తోటకూర అమ్ముకునే ముసలావిడ నన్ను వీధి మొదట్లో చూడగానే గంప మీద గోనె కప్పేసేది. అది నాకు జరిగే గౌరవం అనుకునేవాణ్ణి.

నేను బేరమాడలేని మనిషి ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఆయన మిషన్ కాంపౌండు బడిలో పెద్ద మేష్టారు. చెప్పిన ధర ఇచ్చి సిరాబుడ్డీ, తెల్లకాగితాలూ పుచ్చుకుని వెళ్ళిపోయేవారు. బేరమాడని మనిషిని చూస్తే మావాళ్ళకి కాస్త భయం. ఆ భయంతోనే ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టాను. వాళ్ళ తాతగారు కొల్లేటి లంకల్లో చేపలు పట్టుకుంటూ ఉండి క్రైస్తవంలో కలిశారట. ఈయన ఒక ముసలి దొరగారి దగ్గర యూదుల భాష నేర్చుకున్నారు. దొరగారు ఓడెక్కి సీమకి వెళ్ళిపోతూ ఆయనకి ఒక పెట్టెడు పుస్తకాలు ఇచ్చి వెళ్ళారు.

ఆ పుస్తకాలన్నీ చదివి మేష్టారు ఒక నోటుబుక్కు నింపారు. యూదులు దేవుడు ఒక్కడే అనే నమ్మకానికి ఎలా వచ్చారన్నది అందులో సంగతి. మొదటినుంచీ వాళ్ళకి ఒక్కడే దేవుడని కాంపౌండులో అందరూ చెప్పుకునేవారు. అలా కాదనీ, ఆ నమ్మకం తరతరాలుగా, దెబ్బలు తింటూ పెరిగిందనీ ఆయన రాశారు. అచ్చు వేయించాలని కోరిక. కాని ఆయన ఉద్యోగం అప్పటికి తాత్కాలికం. వానలు వెనకబట్టాక తాడేపల్లిగూడెంలో సంఘపెద్దల సభ కూర్చుని దాన్ని ఖాయం చెయ్యాలి. ఖాయమైతే కాంపౌండులో ఉంటున్న పెంకుటిల్లు బతికినంతకాలం వాళ్ళదే. కాకపోతే నెలలోపల ఖాళీ చెయ్యాలి. భార్యకి ఉబ్బసం. ఆ ఇంటి కప్పు తప్పితే వాళ్ళకి మరో కప్పు లేదు.

అందుకని సభ అయ్యాకే అచ్చు వేయిద్దామన్నారు ఆయన. నేనే ఊరుకోలేదు. వానాకాలం ప్రెస్సు ఖాళీగా ఉంటుందనీ, మాఘమాసం శుభలేఖలు మొదలైతే మనల్ని గుమ్మంలోకి కూడా రానివ్వరనీ, ఇప్పుడైతే సగానికి సగం తగ్గిస్తారనీ చెప్పి ఒప్పించాను. సభ అయ్యేదాకా అచ్చయిన కాగితం ఎవరి కంటా పడకూడదని ఆయన మాట తీసుకున్నారు. ఇచ్చాను. ప్రెస్సాయనతో బేరం కూడా నేనే మాట్లాడాను. మధ్యవర్తిగా నాకు పైసా వద్దు, ఆ వానాకాలమంతా మీ ప్రెస్సులో పాడైన కాగితం నాకు ఇచ్చెయ్యండి చాలు అన్నాను. పొట్లాలకి చిత్తుకాగితం కొనే పని తప్పుతుంది కదా. ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడు వాన ఆగలేదు. తమ్మిలేరు పొంగి ఊరి అంచులు తడుపుతోంది. కొల్లేరు నిండి నీళ్ళు వెనక్కి తంతున్నాయని లంకలవాళ్ళు చెప్పుకుంటున్నారు. ప్రెస్సులో కాగితం చెమ్మగిల్లి, వేసిన మొదటి ఎనిమిది పేజీలూ సిరా పాకి పాడయ్యాయి. ఎండ కాశాక మళ్ళీ వేస్తానని ప్రెస్సాయన పాడైన కట్ట మా కొట్టుకి పంపించాడు. నేను కట్ట బరువు చూశాను గాని కట్టలో ఏముందో చూడలేదు.

పొట్లాలు కట్టడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని కాగితం కోసి, మడిచి, సరుకు పోసి మూసేది. ఆవిడ కట్టిన పొట్లం దారం లేకుండా నిలిచేది. అమ్మకి చదువు రాదు. ఏ కాగితం అయినా ఆవిడకి కాగితమే.

నాలుగో రోజో ఐదో రోజో కాంపౌండులో ఉండే ఒక సంఘపెద్ద కొట్టుకి వచ్చారు. ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి విరమించిన మనిషి. చేతికి వచ్చిన ప్రతి కాగితమ్ముక్కా చదివే అలవాటుందని ఊరందరికీ తెలుసు. గొడుగు మడిచి గుమ్మానికి ఆనించి, జేబులోంచి ఒక కాగితం తీసి, బల్ల మీద పెట్టి, అరచేత్తో మడతలు సాపు చేశారు.

"ఏవండీ శెట్టిగారూ, నిన్న తీసుకెళ్ళిన మిరియాలు బావున్నాయండి," అన్నారు. "పొట్లం ఇంకా బావుందండి."

కాగితం మీద ఉన్నవి మేష్టారి వాక్యాలు. తొలిరోజుల్లో యూదులకి కూడా దేవుళ్ళు చాలామంది ఉండేవారనీ, ఇళ్ళల్లో చిన్న చిన్న బొమ్మలు పెట్టుకునేవారనీ, బలిపీఠం పక్కన అమ్మవారి పేరున ఒక కొయ్యస్తంభం నిలిపేవారనీ అందులో ఉంది. అది మూడో పేజీ.

"మిరియాలు ఇంకా కావాలండి. చిన్న చిన్న పొట్లాలే ఇవ్వండి," అన్నారు ఆయన.

పాత సరుకయిపోయిందనీ, కొత్తది రేపు వస్తుందనీ, అది దీనికంటే ఘాటనీ చెప్పాను. నా జన్మలో చేతిలో ఉన్న సరుకు లేదని చెప్పడం అదే మొదటిసారి. వెంటనే లోపల్నుంచి మా అమ్మ, "ఉన్నాయిగా నాయనా, నిన్ననే బుట్టెడు కట్టాను," అంటూ బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెద్దమనిషి వాన్లో వచ్చారు, ఒట్టి చేతుల్తో పంపకూడదని ఆవిడ ఉద్దేశం.

ఆయన తొందరపడలేదు. ఒక్కో పొట్లం విప్పి, మిరియాలు సంచిలో పోసుకుని, కాగితం సాపు చేసి, పేజీ అంకె చూసి వరసలో పెట్టారు. చినిగి రెండు ముక్కలైన చోట ముక్కలు కలిపి చూసుకున్నారు. వచ్చిన పేజీయే మళ్ళీ వస్తే మర్యాదగా పక్కన పెట్టారు. నేను చూస్తూ నించున్నాను. ఏడో పేజీ ఎంతకీ రాలేదు. నాలో చిన్న ఆశ పుట్టింది. మా అమ్మ ఆయన మొహం చూసి, "మిరియాలు చాలకపోతే జీలకర్ర పొట్లాలున్నాయండి," అంది. ఏడో పేజీ జీలకర్రలో దొరికింది.

"రాసినవారి పేరు లేదండి," అన్నారు ఆయన కాగితాలు దొంతి పెట్టుకుంటూ.

తెలీదన్నాను.

"మీకు శ్రమెందుకులెండి. ప్రెస్సులో అడుగుతాను," అని సరుకు మొత్తానికీ డబ్బిచ్చి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. మా కొట్టు తెరిచాక ఒక్కరోజులో అన్ని మిరియాలు అమ్మడం ఎప్పుడూ లేదు.

సాయంకాలం కాంపౌండుకి వెళ్ళి మేష్టారికి జరిగింది చెప్పాను. నా చిత్తుకాగితాల బేరంతో సహా చెప్పాను. ఆయన తిట్టి ఉంటే తేలిక పడేవాణ్ణి. లోపల్నుంచి భార్య ఉబ్బసంతో తీస్తున్న ఊపిరి వినపడుతోంది. ఆయన ఆ గది తలుపు దగ్గరగా వేసి, "ఎనిమిదీ దొరికాయాండి?" అని అడిగారు.

"దొరికాయండి."

"అదేనండీ చిక్కు. అసలు సంగతి తొమ్మిదో పేజీలో మొదలవుతుంది."

వారం తిరక్కుండా, వానలు ఆగకముందే, సభకి తాడేపల్లిగూడెం రమ్మని మేష్టారికి కబురు వచ్చింది. పొట్లాలు కట్టినవాణ్ణి కాబట్టి నన్ను కూడా రమ్మన్నారు. పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆపేశారు. కాలువలో పడవ మీద బయల్దేరాం. గట్టు మీద నలుగురు మనుషులు తాడు భుజాన వేసుకుని బురదలో పడవని లాగుతున్నారు. ఉంగుటూరు దాటేదాకా రెండువైపులా చేలు కనపడలేదు, నీళ్ళే. నాట్లు వేసిన మళ్ళు ఎక్కడో, బాట ఎక్కడో తెలియలేదు.

తొమ్మిదో పేజీలో ఏముందో ఆయన ఆ పడవలో చెప్పారు. మొదట్లో ఏ జనం దేవుడు ఆ జనానిదేనట. పొరుగు దేశం దేవుడు పొరుగు దేశంలో ఉన్నాడని యూదులు కూడా ఒప్పుకునేవారట. ఇంకొకణ్ణి కొలవద్దనడమే వాళ్ళ నియమం గాని, ఇంకొకడు లేడని కాదు. తర్వాత ప్రవక్తలు వచ్చి, మన దేవుడు బలులకంటే న్యాయం అడుగుతాడని కేకలేశారు. ఒక రాజు గుళ్ళోంచి ఆ కొయ్యస్తంభాలు లాగించి కాల్పించాడు. అయినా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆకాశరాణికి రొట్టెలు కాల్చి పెడుతూనే ఉన్నారు. ఎందుకు పెడుతున్నారని ప్రవక్త అడిగితే, పెట్టినన్నాళ్ళూ కడుపునిండా తిన్నాం, మానేశాకే కరువూ కత్తీ వచ్చాయి అన్నారట.

"మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు కూడా అదే అంటారండి," అన్నాను.

"ఎవరైనా అదే అంటారండి," అన్నారు ఆయన.

ఆ తర్వాత బబులోను రాజు వచ్చి వాళ్ళ ఊరు తగలబెట్టి, గుడి పడగొట్టి, జనాన్ని నడిపించుకుపోయాడు. ఆ రోజుల లెక్క ప్రకారం ఓడినవాళ్ళ దేవుడు కూడా ఓడినట్టే. గెలిచినవాళ్ళ దేవుడికి దణ్ణం పెట్టుకుని బతకాలి. చాలా జనాలు అలాగే చేసి, పేరు కూడా మిగలకుండా పోయాయి. వీళ్ళు మాత్రం పరాయిదేశంలో నది ఒడ్డున కూర్చుని ఎవరూ అనని మాట అన్నారు. మన దేవుడు ఓడిపోలేదు, ఆ రాజుని మన మీదికి పంపింది ఆయనే, వెలుగూ చీకటీ ఆయనవే, అసలు మరొకడు లేనే లేడు అన్నారు. అప్పటిదాకా పక్కదేవుళ్ళని కొలవకూడదనుకున్నవాళ్ళకి, పక్కదేవుళ్ళే లేకుండా పోయారు. తిరిగి సొంత ఊరికి వచ్చాక పుట్టినవాళ్ళకి అది కొత్తమాటలా కూడా తోచలేదట.

నాకు భయమేసింది. నా బుర్రకి అది కొట్టు లెక్కలోనే ఎక్కింది. నాలుగు కొట్లుంటే ఇక్కడ కాదన్నది అక్కడ అడగొచ్చు. ఊరికి ఒక్కటే కొట్టయితే ఇచ్చేదీ ఆ చెయ్యే, లాక్కునేదీ ఆ చెయ్యే, ఇంకెక్కడికీ పోయేందుకు లేదు. ఆ మాటే మేష్టారితో అన్నాను. ఆయన నవ్వలేదు. "వాళ్ళకి కూడా భయం వేసే ఉంటుందండి," అని నీళ్ళవైపు చూశారు.

నేను ఊరుకునే రకాన్నా. కొంచెం తగ్గించి చెప్పండి అన్నాను. దేవుడు ఒక్కడే అన్నది మొదటినుంచీ ఉన్నదే, మనుషులకే మెల్లగా బోధపడింది అనండి, వాళ్ళు ఒప్పుకుంటారు అన్నాను. అది కూడా నిజమేనని నమ్ముతున్నాను గాని, ఆ కొయ్యస్తంభాలు లేవని మాత్రం అనలేనన్నారు మేష్టారు. అప్పుడు నా దగ్గరున్న చివరి సరుకు బయటపెట్టాను. వేసవిలో ఎవరికైనా మశూచి సోకి అమ్మవారు పోస్తే కాంపౌండు ఆడవాళ్ళు కూడా మా పెరటి మెట్ల దగ్గరికి వచ్చి, పసుపూ కర్పూరం కొంగున కట్టుకుని వెళ్ళేవారు. మా అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మొన్న వేసవిలో వచ్చినవాళ్ళలో ఆ సంఘపెద్దగారి భార్య ఒకరు.

"ఆ ఒక్క మాటతో ఆయన నోరు మూతపడుతుందండి," అన్నాను.

"అనకండి," అన్నారు మేష్టారు. "నాకు మాటివ్వండి."

ఇచ్చాను. నేనిచ్చిన మాట ఎంత గట్టిదో అప్పటికే ఆయనకి తెలిసి ఉండాలి.

సభ అక్కడి మిషన్ గుడి వరండాలో, మధ్యాహ్నం పూట జరిగింది. పెద్దలు ఐదుగురు. అధ్యక్షులవారు ముసలాయన, సరిగా వినపడదు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. మా సంఘపెద్ద ఎనిమిది పేజీలూ గట్టిగా చదివారు. కాగితాలకి ఇంకా మిరియాల వాసన వేస్తోంది. మేష్టారు లేచి, అది తన రాతేనని ఒప్పుకుని, నోటుబుక్కులోంచి మిగతాది చదివారు. చదివినంతసేపూ ఎవరూ కదల్లేదు. వాళ్ళు మెత్తబడ్డారనుకున్నాను.

సంఘపెద్ద మెల్లగా అన్నారు. "మా తాతగారు లంకలో అమ్మవారి రాయిని దోనెలో పెట్టుకుని, కొల్లేటి నడుమకి తీసుకెళ్ళి, ఒక్క పూటలో నీళ్ళలో వదిలేశారండి. మీ తాతగారూ అంతే. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ జనానికే అన్ని తరాలు పట్టిందని మీరు అచ్చు వేయిస్తే మనవాళ్ళు ఏమనుకుంటారండి? అమ్మవారిని వదలడానికి మనకింకా టైముంది అనుకోరా?"

"నేను రాసింది యూదుల గురించండి," అన్నారు మేష్టారు.

"చదివేది మనవాళ్ళండి."

ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఆయన బేరంలో బిగుసుకున్న మనిషిలా కనిపించారు. నేను లేచాను.

"మొన్న వేసవిలో కూడా ఈ కాంపౌండులోంచి నా దగ్గర అమ్మవారికి కర్పూరం కొన్నవాళ్ళున్నారండి. మీరు చెప్పిన ఆ వదలడం ఇంకా పూర్తవలేదు," అన్నాను.

అధ్యక్షులవారికి ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. "ఎవరండీ వాళ్ళు?" అన్నారు.

నేను ఇంతదూరం ఆలోచించలేదు. సంఘపెద్ద నావైపు చూసి, పక్కకి పిలిచి, గుట్టుగా రాజీకొస్తారనుకున్నాను. బేరాలన్నీ అలాగే జరుగుతాయి. పదిమంది ముందు పేరు చెప్పమంటారని తోచలేదు. చెప్తే ఆవిడని సంఘంలోంచి వెలేస్తారు. చెప్పకపోతే మేష్టారిని రక్షించడానికి అబద్ధమాడానంటారు. సంఘపెద్దవైపు చూశాను. ఆయన వరసగా ఉన్న పేజీలనే మళ్ళీ వరస పెడుతున్నారు. భార్య సంగతి ఆయనకి ముందే తెలుసో, ఆ క్షణంలోనే తెలిసిందో నేను చెప్పలేను.

"పేరు చెప్పండి," అన్నారు అధ్యక్షులవారు మళ్ళీ.

మేష్టారు అడ్డు వచ్చారు. "ఆ పేరు అడక్కండి. అడగబోమని మీరు మాటిస్తే నా రాజీనామా ఇప్పుడే రాసిస్తాను. పుస్తకం వేయించను. ఇల్లు ఈ నెలలోనే ఖాళీ చేస్తాను."

ఎవరూ వద్దనలేదు. సంఘపెద్దే కాగితం, కలం తెచ్చి ఆయన ముందు పెట్టారు.

వాళ్ళు ముదినేపల్లి వైపు ఒక లంకకి వెళ్ళిపోయారు. వాళ్ళ చుట్టాలెవరో ఒక పాక ఇచ్చారు. జాలర్ల పిల్లలకి అక్షరాలు చెప్పుకుంటూ, వాళ్ళు పెట్టింది తిని బతికారు. చుట్టూ నీళ్ళు, రెల్లు, చెమ్మ. ఉబ్బసం మనిషి అక్కడ రెండు చలికాలాలే తట్టుకుంది. ఆవిడ పోయిన కబురు తెలిసి వెళ్ళాను. మేష్టారు నాకు చాప వేశారు, మంచినీళ్ళిచ్చారు. ఏదైనా అంటే బదులు చెప్పుకుందామని దారంతా సిద్ధం చేసుకెళ్ళిన మాటలన్నీ అలాగే వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ రెండు చలికాలాల నడుమ వేసవిలో కాంపౌండులో అమ్మవారు పోసింది. మూడిళ్ళలో పిల్లలు పోయారు. మా పెరటి మెట్ల దగ్గరికి ఎవరూ రాలేదు. సభలో నేనన్న మాట కాంపౌండంతా పాకింది. ఒకరినొకరు కనిపెట్టుకుంటున్నారని, ఎవరింట్లో వేపాకు కనపడినా నిలదీస్తున్నారని మా అమ్మ ఎక్కడో విని వచ్చింది. ఆ పూట ఆవిడ పొట్లాలు కట్టలేదు.

ఒకరోజు పొద్దున్న సంఘపెద్దగారి భార్య వీధిగుమ్మంలోంచే కొట్టులోకి వచ్చారు. మనవరాలికి పోసిందని అప్పటికే విన్నాం, తర్వాత కబురు తెలియలేదు. వీధి అవతల ఆయన గొడుగు కింద నించుని ఉన్నారు. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, వెనక అలమరవైపు చూశారు, వీధిలోకి చూశారు.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"ఏం వద్దు బాబూ," అన్నారు. "ఇంక మాకు ఏం వద్దు."

కొట్టు మెట్లెక్కిన మనిషిని ఒట్టి చేతుల్తో పంపిన రోజు నాకు అంతకుముందు లేదు. పిలిచి ఏదో ఒకటి అంటగట్టేవాణ్ణి. ఆవిడ వీధి దాటుతున్నంతసేపూ పిలవాలనే ఉంది. ఆయన గొడుగు ఆవిడ తలమీదికి జరిపారు. ఇద్దరూ కాంపౌండువైపు నడిచివెళ్ళారు. నేను పిలవలేదు.